విశ్వాసం వెల ఎవరు కడుతున్నారు?

1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో క్రైస్తవుడు కాదలచినవాడు మూడు సంగతులు ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ తన అనుభవాలు రాసుకున్న పుస్తకంలో ఈ నియమాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇప్పుడు చదివితే ఇవి చాలా చిన్న నియమాలు. ఆనాటి పల్లెలో మాత్రం ఒక్కోటీ ఒక్కో పూట కూడు.

ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని ఈడ్చుకెళ్లడం మాదిగల విధి. తోలు వాళ్లదే, ఆ తోలుతో ఆసామికి చెప్పులు, మోట బొక్కెనలు కుట్టి ఇవ్వాలి. మాంసం ఆ చాకిరీకి దొరికే ప్రతిఫలంలో భాగం. ఏటికేడు ఆకలి వాకిట్లో కూర్చునే ఇంట్లో దాన్ని వద్దనడమంటే ఆ వారం పిల్లలకు ఏం పెట్టాలో తెలియకపోవడమే. ఆదివారం పనికి రానంటే ఆసామి సోమవారం కూడా రావద్దంటాడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా పగబడుతుంది. బావి దగ్గరకు రానివ్వకపోవడం, దొంగ కేసులు పెట్టడం, వెట్టికి పట్టుకుపోవడం, అన్నీ జరిగాయి. అయినా వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల దగ్గర వేదాంత గ్రంథాలు లేవు, చాలామందికి అక్షరం ముక్క రాదు. తిండి, పని, పండగ, ఈ మూడింట్లోనే వాళ్ల విశ్వాసం బయటికి కనిపించింది.

రోజువారీ బతుకులో నిజాయితీగా నమ్మకాన్ని నడపడం ఎలా అన్న ప్రశ్న మీద రెండు వేల ఏళ్లుగా ఎందరో రాశారు, ఎందరో చేసి చూపారు. వాళ్లందరినీ వరసగా చదువుతుంటే నాకు ఒక కొలత దొరికింది. ఒక అలవాటు ఎంత భక్తిగా కనిపిస్తోందన్నది పక్కన పెట్టి, దాని వెల ఎవరు కడుతున్నారో చూడాలి. పాటించేవాడే కడుతున్నాడా, లేక వాడి కింద ఉన్న మనిషి కడుతున్నాడా? ఒంగోలు పల్లెల్లో కట్టినవాళ్లు పాటించినవాళ్లే. అంతకుముందూ ఆ తర్వాతా లెక్క ఎక్కడెక్కడ మారిందన్నదే ఈ వ్యాసంలో నేను వెతికేది.

క్రైస్తవుల దినచర్య గురించి బయటివాళ్లు రాసిన తొలి సాక్ష్యాల్లో ఒకటి ఒక రోమన్ అధికారిది. సుమారు 112లో, ఇప్పటి తుర్కియే ఉత్తర తీరాన ఉన్న బిథూనియకు ప్లినీ పాలకుడు. అక్కడి క్రైస్తవులను ఏం చెయ్యాలో తెలియక చక్రవర్తి ట్రాజాన్‌కు ఉత్తరం రాశాడు. పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించి మరీ విచారించాడు. అతనికి తేలిందేమిటంటే, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారు, దొంగతనం, వ్యభిచారం చెయ్యమని, ఇచ్చిన మాట తప్పమని, తమ దగ్గర ఎవరైనా దాచుకున్న సొమ్ము అడిగినప్పుడు లేదనమని ఒట్టు పెట్టుకుంటారు. ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. ఇప్పటిలాంటి బ్యాంకులు లేని రోజుల్లో పొరుగువాడి ఇంట్లో మూట దాచుకోవడం పేదవాడికి పెద్ద సాహసం. ఆ మూట తిరిగి ఇవ్వడం వీళ్ల ఆరాధనలో భాగమైంది. కూడుకున్నప్పుడు దాన్నే ఒట్టుగా చెప్పుకున్నారు.

మరో వందేళ్లకు కార్తేజిలో క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ వృత్తుల సంగతి ఎత్తాడు. విగ్రహాలు చెక్కి బతికేవాడు సంఘంలో ఉండొచ్చా? వేరే పని తెలియదు, ఎలా బతకాలి అని అడిగేవాళ్లకు అతను ఇచ్చిన జవాబు కఠినంగా ఉంటుంది. నాకు ఆ కాఠిన్యం కన్నా ఆ ప్రశ్నే ముఖ్యం. ఏ పని చేసి సంపాదిస్తున్నావు అని సంఘం అడిగిన కాలం ఒకటి ఉండేది.

ఆరో శతాబ్దంలో మఠాల కోసం బెనెడిక్టు రాసిన నియమావళి ఇంకాస్త దగ్గరికొస్తుంది. మఠంలోని గునపాన్ని, గిన్నెను బలిపీఠం మీది పాత్రల్లా చూసుకోవాలంటాడు. మఠంలో తయారైన వస్తువు అమ్మేటప్పుడు మోసం జరగకూడదు, బయటి బజారు ధరకన్నా కొంచెం తక్కువకే ఇవ్వాలంటాడు. దురాశ ఎక్కడ మొలుస్తుందో తెలిసినవాడి మాట అది. ఇక పదిహేడో శతాబ్దపు పారిస్‌లో కర్మెలీయుల మఠం వంటింట్లో పనిచేసిన సహోదరుడు లారెన్స్ పేరు మన ప్రార్థన కూడికల్లో కూడా వినిపిస్తుంది. గిన్నెలు తోముతూనే దేవుని సన్నిధిలో ఉండొచ్చని చూపినవాడు. గొప్ప మాటే. కానీ గిన్నెలు తోమే మనిషి మనసు గురించే అక్కడ చర్చంతా. ఆ పని ఎవరిచేత, ఎంత జీతానికి చేయిస్తున్నామన్నది అందులో రాదు. అందుకే హాయిగా బతికేవాళ్లకు ఆయన అంత సులువుగా నచ్చుతాడేమో. లూథర్ ప్రతి వృత్తీ దేవుని పిలుపేనని చెప్పి చెప్పులు కుట్టేవాణ్ణి గురువు సరసన నిలబెట్టాడు. అదే నోటితో, 1525లో రైతులు తిరగబడినప్పుడు ప్రభువుల పక్షాన మాట్లాడాడు.

ఈ చరిత్రంతటిలో నాకు అందరికన్నా ఎక్కువగా నచ్చిన మనిషి జాన్ వుల్మన్. 1720లో న్యూజెర్సీలో పుట్టిన క్వేకరు, అంటే ఆ పేరున్న క్రైస్తవ శాఖకు చెందినవాడు. యువకుడిగా మౌంట్ హోలీ అనే ఊళ్లో ఒక దుకాణంలో గుమాస్తా. ఒకరోజు యజమాని తన దగ్గర బానిసగా ఉన్న నల్లజాతి స్త్రీని అమ్ముతూ క్రయపత్రం రాయమన్నాడు. కొనేవాడు పక్కనే నిలబడి ఉన్నాడు, వాడూ క్వేకరే, పెద్దమనిషి. వుల్మన్ రాసేశాడు. రాశాక మనసు నిలవలేదు. బానిసలను ఉంచుకోవడం క్రైస్తవ మతానికి సరిపడదని తాను నమ్ముతున్నట్టు యజమాని ముందు, కొన్నవాడి ముందు చెప్పాడు. ఆ తర్వాత ఇంకెవరో అలాంటి పత్రం రాయమంటే ఒప్పుకోలేదు. బానిసలను వారసులకు పంచే వీలునామాలు కూడా రాయనన్నాడు, ఆ రాత కూలీ పోగొట్టుకున్నాడు. దుకాణం పెట్టుకుంటే వ్యాపారం పెరిగింది, అది తన మనసును మింగేస్తోందని తగ్గించుకున్నాడు. ప్రయాణాల్లో బానిసలున్న ఇంట్లో దిగాల్సి వస్తే, తనకు సేవ చేసిన ఆ మనుషులకు డబ్బు ఇచ్చి వెళ్లేవాడు. రంగులద్దిన బట్టలు మానేశాడు. చూసినవాళ్లకు వింతగా ఉండేది. పాతికేళ్లు ఇంటింటికీ తిరిగి తోటి విశ్వాసులతో మెల్లగా మాట్లాడాడు. ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సమావేశం 1758లో బానిసలున్న సభ్యుల ఇళ్లకు పెద్దలను పంపడం మొదలుపెట్టింది. 1776కల్లా బానిసను ఉంచుకున్నవాడికి సభ్యత్వం లేదంది. వుల్మన్ అప్పటికి నాలుగేళ్ల కిందటే పోయాడు.

మెథడిస్టుల గురువు జాన్ వెస్లీ ముసలితనంలో బాధపడ్డది కూడా ఈ వెల సంగతికే. కష్టపడి సంపాదించండి, దుబారా మానండి, మిగిలింది ఇచ్చెయ్యండి అని నేర్పాడు. జనం మొదటి రెండూ శ్రద్ధగా నేర్చుకుని మూడోది వదిలేశారు. భక్తి వల్ల పొదుపు, పొదుపు వల్ల ఆస్తి, ఆస్తి వల్ల భక్తి చల్లబడడం ఆయన కళ్లముందే జరిగింది.

మన నేలకు తిరిగి వస్తాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు తెలుగు క్రైస్తవానికి పెద్ద పరీక్ష. క్లౌ కొంత ఇంజనీరింగు పని తెలిసినవాడు కావడంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలీ ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆయన ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని నెలల తరబడి ఆపాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

వాళ్లు ఎందుకు వచ్చారన్న వాదన నేటికీ ఆగలేదు. 1933లో వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ భారతదేశంలోని సామూహిక మతమార్పిడుల మీద పెద్ద పరిశీలన అచ్చు వేయించాడు, తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికన్నా, వచ్చాక వాళ్లకు ఏం నేర్పారు, క్రమంగా ఆరాధన జరిగిందా లేదా అన్నదే వాళ్ల జీవితాల్లో ఎక్కువ తేడా తెచ్చిందని ఆయనకు తేలింది. నిజాయితీ అంటే మొదటిరోజే మనసులో ఉండాల్సిన స్వచ్ఛత అనుకునేవాళ్లు ఈ మాట గురించి ఆలోచించాలి. కూటికోసం వచ్చినవాడు కూడా ఇరవై ఏళ్ల అలవాటుతో నిజమైన విశ్వాసి కాగలడు. శుద్ధమైన మనసుతో వచ్చినవాడి కొడుకు మూడు తరాల తర్వాత పేరుకు మాత్రమే మిగలగలడు.

అలవాటు ఎలా నిలుస్తుందో దోర్నకల్‌లో చూడొచ్చు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషేకం పొంది, 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ అధ్యక్ష మండలాన్ని నడిపాడు. ఎంత పేదవాడైనా ఇచ్చేవాడిగానే ఉండాలని ఆయన పట్టు, క్రైస్తవ దానం మీద ఒక పుస్తకం కూడా రాశాడు. మన సంఘాల్లో పాతుకుపోయిన గుప్పెడు బియ్యం అలవాటు ఆ పట్టుకు సరిగ్గా సరిపోయింది. మిజోరం సంఘాల్లో కూడా 1910 నుంచి ఇదే అలవాటు ఉంది. మన ఇళ్లలో ఎసరు పెట్టాక ఇల్లాలు గిద్దెతోనో డబ్బాతోనో బియ్యం కొలుస్తుంది. కడిగే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది, పెదవుల మీద చిన్న ప్రార్థన. ఆదివారానికి ఆ కుండ గుడికి పోతుంది. రసీదు లేదు, ఎవరూ చూడరు. అంతకన్నా శుద్ధమైన దానం నాకు కనిపించదు. అయినా నా కొలత ఇక్కడ కూడా వాడాలి. భర్త కంచంలో, పిల్లల కంచంలో ముద్ద తగ్గదు. చివర్న తినే మనిషి కంచంలోనే ఆ గుప్పెడు తగ్గుతుంది. తెలుగు సంఘాలు నిలబడింది ఆ ఆడవాళ్ల కంచాల మీద. ఆ సంఘాల కమిటీల్లో, పెత్తనాల్లో వాళ్లకు చోటు దొరకడానికి ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి నర్సుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898కి ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. అలాంటి మిషను ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన తెలుగు క్రైస్తవ అమ్మాయిలు, మైల అని ఎవరూ ముట్టని పనిని చేతుల్లోకి తీసుకున్నారు. పురుడు, పుండు, మలమూత్రాలు. సమాజం వాళ్లను చిన్నచూపు చూసింది, సంబంధాలు కుదరడం కష్టమయ్యేది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఆదివారం ఆరాధనకు వచ్చి వెనక బల్ల మీద నిద్ర ఆపుకుంటూ కూర్చునే నర్సమ్మలు ఇప్పటికీ ప్రతి సంఘంలో ఉన్నారు. మనం సాక్ష్యం చెప్పమని వేదిక మీదికి పిలిచేవాళ్లలో వాళ్లు అరుదుగా ఉంటారు.

మరో పాయ బక్త్‌సింగ్‌ది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదివి, క్రీస్తును నమ్మి, చివరికి హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా పనిచేసి 2000లో చనిపోయాడు. ఆయన సహవాసాల్లో చెప్పులు విడిచి అందరూ చాపల మీదే కూర్చుంటారు, డబ్బు కోసం జనానికి విజ్ఞప్తులుండవు, ఆరాధన అయ్యాక ప్రేమవిందులో వరసగా కూర్చుని ఒకే కూడు తింటారు. పక్కన కూర్చున్నది ఎవరో ఏ కులమో అడగకుండా ఒకే వంట తినడమన్నది ఈ నేల మీద ఏ ప్రసంగానికీ తీసిపోదు.

ఇక ఇప్పటి రోజులు. తెలుగు క్రైస్తవుణ్ణి బయటివాళ్లు గుర్తుపట్టే గుర్తులు చాలా ఉన్నాయి. బొట్టు ఉండదు, కొన్ని సంఘాల్లో నగలుండవు, పూలుండవు, సినిమా లేదు, పొరుగింటివాళ్లు ప్రసాదం ఇస్తే తీసుకోరు. వీటిని నేను తేలిగ్గా తీసెయ్యను. ప్రసాదం మీద పౌలు కొరింథీయులకు రాసిన ఆలోచనే చాలా సున్నితంగా ఉంటుంది, పక్కవాడి మనస్సాక్షిని గాయపరచకుండా చూసుకోమన్నదే అందులో కీలకం. పండగపూట గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ పొరుగావిడ ముఖం చిన్నబోకుండా, అబద్ధం ఆడకుండా, ఎలా మాట్లాడాలన్నది మన ఊళ్లలో ప్రతి విశ్వాసీ నేర్చుకోవాల్సిన పాఠం. తాగుడు మానడం సంగతి మరీ ప్రత్యేకం. ఒక మగవాడు రక్షణ పొంది తాగుడు మానేస్తే ఆ ఇంట్లో భార్య వీపు, పిల్లల ఫీజు, బియ్యం డబ్బా మూడూ బాగుపడతాయి. పల్లెల్లో సువార్తకు ఇంతకన్నా బలమైన రుజువు లేదు.

కానీ ఈ గుర్తుల్లో చాలావాటికి ఇప్పుడు వెల తగ్గిపోయింది, ఉన్న కొంచెం కూడా ఎక్కువగా ఆడవాళ్లే కడుతున్నారు. బొట్టు, పూలు, నగలు, చీర రంగు, అన్నీ వాళ్ల ఒంటి మీద గుర్తులే. మగవాడి విశ్వాసాన్ని అతని వడ్డీ వ్యాపారంలోనో, భూమి రిజిస్ట్రేషన్‌లోనో వెతికే సంఘం అరుదు. పొద్దున్నే వాక్యధ్యానం స్టేటస్‌లో పెట్టి, మధ్యాహ్నం మేస్త్రీకి మూడు వారాల కూలీ బాకీ పెట్టిన కాంట్రాక్టరును నిలదీసే పెద్దలెవరు? కూలీవాళ్ల జీతం ఎగ్గొట్టిన ధనవంతుల మీద యాకోబు పత్రికలో ఉన్నంత కోపం కొత్త నిబంధనలో మరెక్కడో గాని కనిపించదు. జక్కయ్య ఇంటికి యేసు వెళ్లినప్పుడు అతను ప్రార్థన గురించి ఏమీ మాట్లాడలేదు. సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

దశమభాగం దగ్గరకొస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నెలకు రెండు లక్షలు వచ్చేవాడికీ, పదిహేను వేలు వచ్చేవాడికీ పదో వంతే. మొదటివాడికి అది పొదుపులోంచి పోతుంది, రెండోవాడికి మందుల షాపు బాకీలోంచి. విత్తనం వేస్తే వందరెట్లు వస్తుందని చెప్పే ప్రసంగాలు దీన్ని మరీ పాడుచేశాయి. ఉజ్జీవ సభలో అందరి ముందూ చెయ్యెత్తి రాయించిన కానుక చెల్లించడానికి ఐదు రూపాయల వడ్డీకి అప్పుచేసే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. గుప్పెడు బియ్యం నుంచి ఈ అప్పు దాకా వచ్చిన దారిని చూస్తే, ఇవ్వడమన్న మంచి అలవాటు ఇవ్వలేనివాడి మీద ఎలా ఎక్కి కూర్చుందో అర్థమవుతుంది.

ఆదివారం విశ్రాంతి సంగతీ అంతే. పేరయ్య తరం ఆదివారం పని మానేసి ఆసామి కోపాన్ని భరించింది. ఇవాళ మధ్యతరగతి క్రైస్తవ కుటుంబం ఆదివారం ఆరాధనకు వెళుతుంది. ఆ ఇంటి పనిమనిషి మాత్రం ఆరోజు ఇంకాస్త పొద్దున్నే వస్తుంది, మధ్యాహ్నం చుట్టాలొస్తారు కాబట్టి అదనపు గిన్నెలు కూడా తోముతుంది. చాలాసార్లు ఆమె కూడా క్రైస్తవురాలే. ఆజ్ఞలో దాసుడికి, దాసికి, ఎద్దుకు కూడా విశ్రాంతి ఉంది కదా.

కుల ధ్రువీకరణ పత్రం ప్రశ్న దగ్గర నేను తీర్పు చెప్పడానికి తొందరపడను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన దళితులు బీసీ-సీ కింద ఒక శాతంలో సర్దుకోవాలి. ఈ హోదాను దళిత క్రైస్తవులకూ ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు మాత్రం, క్రైస్తవాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. ఆ ఉత్తర్వు ఫలితంగా ఎన్నో ఇళ్లలో పిల్లవాడికి రెండు పేర్లు, బడి రికార్డులో ఒకటి, బాప్తిస్మపు రిజిస్టరులో ఒకటి. బావి దగ్గర, టీకొట్టు దగ్గర కులం చూసి తోసేసినవాడు బాప్తిస్మం చూసి ఊరుకోలేదు. వివక్ష మారనప్పుడు రక్షణ ఎందుకు మారాలి? ఇది దళిత క్రైస్తవుల ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఇక్కడ వెల కట్టమని ఆ కుటుంబాలను మాత్రమే అడిగే సంఘం, రిజర్వేషన్ అవసరం లేని అగ్రకుల క్రైస్తవుణ్ణి ఏమీ అడగదు. అబద్ధం మంచిదని నేననను. ఆ అబద్ధం అవసరమయ్యేలా చేసిన చట్టం మీద బిషప్పులు, పాస్టర్లు, డబ్బున్న విశ్వాసులు ఎంత కాలం, ఎంత ఖర్చు పెట్టి పోరాడుతున్నారో చూశాకే ఆ ఇంటి తల్లిని వేలెత్తి చూపాలి.

కులం సంఘం లోపల కూడా ఉంది. ఒక మిషను కింద ఎక్కువగా మాలలు, మరో మిషను కింద ఎక్కువగా మాదిగలు చేరడంతో మొదలైన గీత, అధ్యక్ష మండలాల ఎన్నికల్లో, శ్మశానాల్లో, సంబంధాల్లో ఇప్పటికీ చెరగలేదు. అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూడుకునే తెలుగు సంఘాల్లో కూడా పెళ్లీడు పిల్లల తల్లిదండ్రులు భోజనాల దగ్గర మెల్లగా అడిగేది అదే. ప్రేమవిందులో ఒకే వరసలో కూర్చోవడం తేలిక, ఆ వరసలోంచి కోడల్ని తెచ్చుకోవడం కష్టం.

కట్నం దగ్గర అన్ని సంఘాలూ ఒకటే. 1961 నుంచి చట్టం ఉంది. లాంఛనాలని, ఆడపడుచు కానుకలని, అమ్మాయి పేరున స్థలమని, పేరేదైతేనేం, పాస్టరు గారు ఆశీర్వదించే చాలా పెళ్లిళ్ల వెనక ఒక అంకె ఉంటుంది. ఆ వెల కట్టేది ఆడపిల్ల తండ్రి, తర్వాత చాలా ఏళ్లు ఆడపిల్ల. మన సంఘాల చేతిలో దీనికి సరిపోయే పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. లూథరన్, సీఎస్సై, కథోలిక సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అంటారు. సంఘమంతా వింటుంది, ఎవరూ లేవరు. ఆ ప్రకటనలో ఇంకొక వాక్యం చేర్చొచ్చు, ఈ పెళ్లిలో డబ్బుగాని బంగారంగాని భూమిగాని అడగలేదని వరుడి కుటుంబం సంఘం ముందు ఒప్పుకుంటోందని. అది అబద్ధమని తెలిసినవాడికి లేచి నిలబడే హక్కు ఆ మూడు ఆదివారాలూ ఉంటుంది. బిథూనియలో తెల్లవారుజామున చెప్పుకున్న ఒట్టుకు ఇది దూరం కాదు. మొదట ఆ వాక్యం చదవాల్సింది పాస్టరు గారి కొడుకు పెళ్లికి, తర్వాత సంఘ పెద్దల కొడుకుల పెళ్లిళ్లకు.